నాలుగు శాతం హక్కు – నర్సింగ్ తరగతిలో మన స్థానం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులలో గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడ ప్రాంతాల ముస్లిం ఇళ్లలో రెండు రకాల ఆలోచనలు సాగుతుంటాయి. అబ్బాయి అయితే ఇంజనీరింగా, డిప్లొమానా, కర్మాగారంలో అప్రెంటిస్‌షిప్పా, గల్ఫ్ ప్రయాణమా అని లెక్కలు వేస్తారు. అమ్మాయి అయితే దగ్గరలో ఉన్న డిగ్రీ కళాశాల, ఆపై సంబంధం కుదిరేవరకు ఎదురుచూపు. బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే ఇంట్లోవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. డాక్టరు సీటు వస్తే సరే, రాకపోతే నర్సు పని మనకెందుకు అనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అంతటితో ఆ ప్రస్తావన ముగిసిపోతుంది.

సరిగ్గా అదే రోజులలో రాష్ట్రంలోని నర్సింగ్ కళాశాలల కన్వీనర్ కోటాలో బీసీ-ఇ పేరుతో నాలుగు శాతం సీట్లు ఎదురుచూస్తుంటాయి. అరవై సీట్ల తరగతిలో నాలుగు శాతమంటే రెండు, మహా అయితే మూడు. ఆ సీటుకు అర్హులు రాకపోతే అది ఖాళీగా ఉండదు. నిబంధనల మేరకు మిగిలిన బీసీ వర్గాలకు, వారిలోనూ లేకపోతే ఓపెన్ కేటగిరీకి వెళ్లిపోతుంది. అలా వెళ్లిన సీటు గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఏ పత్రికా వార్త రాయదు. సంవత్సరం చివర మన లెక్కలో ఒక నర్సు తగ్గుతుంది, అంతే.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. ఈ నాలుగు శాతం హక్కు ఇప్పటికీ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగానే నిలబడి ఉన్నది. దానిని కాపాడుకోవలసినది ఉపన్యాసాలతో మాత్రమే కాదు, లెక్కలతో. సీటును వాడుకోవడం, వాడుకున్నట్లు లెక్క చూపడం, వాడుకోలేకపోతే కారణం చెప్పడం: ఈ మూడూ చేయని సమాజం రేపు న్యాయస్థానంలో ఖాళీ చేతులతో నిలబడవలసి వస్తుంది.

చట్టం నడిచిన దారి

విద్యలో సామాజిక న్యాయం అనే మాట ఈ నగరానికి కొత్తది కాదు. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో ఆరంభమైనది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో విశాఖ మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆనాటి కమ్యూనల్ జీవో ప్రకారం వైద్య, ఇంజనీరింగ్ కళాశాలలలో ప్రతి పద్నాలుగు సీట్లలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకు, రెండు వెనుకబడిన హిందువులకు, రెండు బ్రాహ్మణులకు, రెండు హరిజనులకు, ఒకటి ఆంగ్లో ఇండియన్లకు, భారతీయ క్రైస్తవులకు కలిపి, ఒకటి ముస్లింలకు కేటాయించేవారు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951లో ఆ జీవోను కొట్టివేసింది. దాని ఫలితంగానే అదే ఏడాది తొలి రాజ్యాంగ సవరణ వచ్చి, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని 15(4) అధికరణం రూపంలో రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ సవరణతో రిజర్వేషన్లకు పునాది దక్కింది గాని, పద్నాలుగింటిలో ఒకటిగా ఉన్న ముస్లిం వాటా మాత్రం తిరిగి రాలేదు.

1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు దూదేకుల, మెహతర్ వంటి కొద్ది ముస్లిం సమూహాలకు మాత్రమే చోటు దొరికింది. షేకులు, ఖురేషీలు, లబ్బీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులు, ముస్లిం హజాములు, ముస్లిం ధోబీలు, తురక కాశలు జాబితా వెలుపలే మిగిలారు. బట్టలు ఉతికే హిందువు వెనుకబడినవాడు, అదే పని చేసే ముస్లిం కాదు అనే వింత పరిస్థితి మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

2004 జూలైలో అప్పటి ప్రభుత్వం ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు జారీ చేసింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంతో హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో దానిని కొట్టివేసింది. 2005లో బీసీ కమిషన్ నివేదిక ఆధారంగా మళ్లీ ఆర్డినెన్సు, ఆపై చట్టం వచ్చాయి. వెనుకబాటును తేల్చిన పద్ధతి సరిగా లేదంటూ ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్నీ రద్దు చేసింది. మూడోసారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక, దాని మీద బీసీ కమిషన్ పరిశీలన అనంతరం 2007లో చట్టం వచ్చింది. ఇది మతం మొత్తానికి కాక, సమూహాల వారీగా వెనుకబడినవారికి నాలుగు శాతం ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొగల్, అరబ్, ఇరానీ, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ వంటివారిని చట్టమే స్పష్టంగా మినహాయించింది. అయినా 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఐదు-రెండు మెజారిటీతో దీనినీ చెల్లదన్నది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఇన్నేళ్లుగా మన పిల్లలు చదువుతున్నారు.

ఈ రిజర్వేషన్‌ను మత ప్రాతిపదిక రిజర్వేషన్ అని ఎన్నికల సభలలో విమర్శించేవారు ఉన్నారు. ఆ విమర్శకు జవాబు చట్టంలోనే ఉన్నది. ఒకే మస్జిద్‌లో ఒకే వరుసలో నిలబడి నమాజు చేసే ఇద్దరిలో ఒకరికి బీసీ-ఇ వర్తిస్తుంది, మరొకరికి వర్తించదు. మతమే ప్రాతిపదిక అయితే ఈ తేడా ఎలా వస్తుంది? 1992లో మండల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా ముస్లింలలోని వెనుకబడిన సమూహాలను బీసీలుగా గుర్తించడానికి మతం అడ్డు కాదని అంగీకరించింది.

మూడు తీర్పులు నేర్పిన ఒకే పాఠం

ఆరేళ్లలో మూడుసార్లు చట్టం వీగిపోయింది. మూడు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే విషయం బోధపడుతుంది. మొదటిసారి అడగవలసినవారిని అడగలేదన్నారు. రెండోసారి కొలిచిన పద్ధతి సరిగా లేదన్నారు. మూడోసారి సేకరించిన సమాచారం, అనుసరించిన విధానం లోపభూయిష్టమని మెజారిటీ న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. మా వెనుకబాటు నిజమే, కాదని ఎవరైనా అంటారా అనే ఆవేదన న్యాయస్థానంలో సాక్ష్యం కాదు. ఎంతమంది, ఎక్కడ, ఏ చదువులో, ఏ ఉద్యోగంలో అనే అంకెలే సాక్ష్యం.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక దేశమంతటా చర్చకు రావడానికి కారణం అదే. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో 59.1 శాతమేనని ఆ నివేదిక చెప్పింది. అంతకుముందు ఎన్ని వ్యాసాలు వచ్చినా కదలని వ్యవస్థ ఆ అంకెల ముందు కొంతైనా కదిలింది.

అమెరికా అనుభవం ఇక్కడ తలచుకోదగినది. అక్కడ కళాశాల ప్రవేశాలలో జాతిని ఒక అంశంగా పరిగణించే పద్ధతి మీద వివాదంపై 1978లో బాకీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది కూడా ఒక వైద్య కళాశాల సీటు మీద వచ్చిన కేసే. నలభై ఐదేళ్లు నిలిచిన ఆ పద్ధతిని 2023 జూన్ 29న అదే కోర్టు హార్వర్డ్ కేసులో దాదాపుగా మూసివేసింది. అక్కడ ఆ ఏర్పాటు కోర్టుల వ్యాఖ్యానం మీద నిలబడింది గనుక మరో వ్యాఖ్యానంతో కూలింది. మన దేశంలో రిజర్వేషన్లకు రాజ్యాంగంలోనే స్పష్టమైన అధికరణాలు ఉన్నాయి. ఇది మన బలం. కాని ఆ అధికరణాల కిందికి మన సమూహాలు వస్తాయా రావా అనే ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకోవలసినది మనమే.

గాజువాకకు మన నర్సులు ఎందుకు అవసరం

1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసిన నాటి నుంచి గాజువాక ముఖచిత్రం మారుతూ వచ్చింది. భూములు ఇచ్చిన నిర్వాసితులు, రాయలసీమ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉద్యోగులు, ఒడిశా, బీహారు, బెంగాలు, జార్ఖండుల నుంచి వచ్చిన వలస కూలీలు ఇక్కడ పక్కపక్కన బతుకుతున్నారు. ఆటోనగర్ షెడ్లలో, ఓడరేవు పనులలో, పరవాడ ఔషధ పరిశ్రమలలో పనిచేసేవారు ఆసుపత్రికి వచ్చేది కాలిన ఒంటితోనో, విరిగిన ఎముకతోనో, విషవాయువు పీల్చిన ఊపిరితిత్తులతోనో. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైన తెల్లవారుజామున కేజీహెచ్ వార్డులు ఎలా నిండిపోయాయో ఈ నగరం మరచిపోలేదు. ఆ మరుసటి ఏడాది కరోనా రెండో దశలో ఈ ఉక్కు కర్మాగారం నుంచే ప్రాణవాయువు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లింది. ఆ ప్రాణవాయువును రోగి ముక్కు దాకా చేర్చినవారు నర్సులే.

ఇటువంటి చోట రోగి మాట అర్థం కావడం సగం వైద్యం. తెలుగు రాని బీహారు కూలీ తన నొప్పి హిందీలో చెప్పుకొంటాడు. బెంగాలు నుంచి వచ్చిన గర్భిణి వచ్చీరాని హిందీలో భయం చెప్పుకొంటుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన గాజువాక ముస్లిం అమ్మాయికి ఆ మాటలు అర్థం కావడానికి ప్రత్యేక శిక్షణ అక్కరలేదు. మన ఇంట్లో సామాన్యంగా కనిపించే ఈ భాషల సంపద ఆసుపత్రిలో అరుదైన అర్హత. రంజాన్‌లో ఉపవాసం ఉంటానని పట్టుబట్టే మధుమేహ రోగికి ఇన్సులిన్ వేళల గురించి నచ్చజెప్పడం, ప్రసవ సమయంలో పరదా గురించి కలత చెందే స్త్రీకి ధైర్యం చెప్పడం వంటివి ఆ జీవితం తెలిసినవారికి సులువు. అంతేకాదు, ఆ అమ్మాయి సేవలు అందుకునే హిందూ, క్రైస్తవ రోగులకు ముస్లిం అంటే ఎవరో వదంతుల ద్వారా కాక, తమ నాడి పట్టిన చేతి ద్వారా తెలుస్తుంది. ఆసుపత్రిలో వైవిధ్యం ఉండాలని మేము కోరేది ఇందుకే. అది ముస్లింలకు చేసే దయ కాదు, రోగులందరికీ అందే మేలు.

బతుకుతెరువు కోణం కూడా ఉన్నది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడిన నాటి నుంచి ఈ ప్రాంతపు కుటుంబాలకు నిద్ర లేదు. కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు ఎన్నో ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం చూపాయి. తండ్రి చేసిన పనే కొడుకు చేస్తాడనే భరోసా పోయింది. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచమంతటా 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు ఉన్నా ఇంకా 58 లక్షల మంది కొరత ఉన్నది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో వైద్య కళాశాలలకు అనుబంధంగా 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు 1,570 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. సీట్లు పెరుగుతున్న కాలమిది. పెరిగిన సీట్లలో మన వాటా పెరగకపోతే తప్పు కేవలం ప్రభుత్వానిది అనలేము.

సీటుకు ముందున్న గడపలు

నాలుగు శాతం అనేది ఆఖరి గడప. దానికి ముందు దాటవలసినవి ఇంకా ఉన్నాయి.

మొదటిది పదో తరగతి తరువాత తీసుకునే నిర్ణయం. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి. ఖర్చు తక్కువని, దగ్గరలో ఉన్నదని అమ్మాయిని సీఈసీలో, హెచ్ఈసీలో చేర్పించిన రోజునే ఆ తలుపు మూసుకుపోతుంది. జీఎన్ఎం కోర్సుకు ఇతర గ్రూపులవారు కూడా అర్హులే గాని, ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కాబట్టి రిజర్వేషన్ గురించి మాట్లాడవలసిన కాలం కౌన్సెలింగ్ నెల కాదు, పదో తరగతి ఫలితాల వారం.

రెండోది ధ్రువీకరణ పత్రం. బడి రిజిస్టరులో కులం అన్నచోట ముస్లిం అని మాత్రమే రాసి వదిలేయడం మనలో సాధారణం. ముస్లిం అనేది బీసీ-ఇ జాబితాలో ఉన్న పేరు కాదు. జాబితాలో ఉన్నది షేక్, ఖురేషీ, లబ్బీ వంటి సమూహాల పేర్లు. ఇంటి పేరు మహమ్మద్ అని ఉండి, సమూహం షేక్ అయినవారు తహసీల్దారు కార్యాలయంలో ఎక్కువ అవస్థ పడతారు. తండ్రి, తాతల పాత పత్రాలు, తోబుట్టువుల ధ్రువీకరణలు ముందే సేకరించుకోవాలి. వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకోవడానికి కౌన్సెలింగ్ తేదీ ప్రకటించేవరకు ఆగనక్కరలేదు. కేంద్ర సంస్థలలో ప్రవేశానికి కేంద్ర ఓబీసీ జాబితా వేరుగా ఉంటుంది గనుక తమ సమూహం అందులో ఉన్నదో లేదో వేరుగా చూసుకోవాలి.

సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు ఈ చర్చలో తమకేమీ లేదని పక్కకు తప్పుకొంటున్నాయి. అది సరికాదు. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల పది శాతం కోటాకు, ఏ రిజర్వేషన్‌లోనూ లేని ముస్లిం కుటుంబాలు కూడా వార్షికాదాయం ఎనిమిది లక్షల రూపాయల లోపు ఉండి, మిగిలిన షరతులు సరిపోతే అర్హులే. సుప్రీంకోర్టు 2022 నవంబరులో ఆ సవరణను సమర్థించింది. ఆ పత్రాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా తీసుకోవాలి.

మూడోది పోటీ. ప్రవేశాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతం అంటే ఉమ్మడి శ్రీకాకుళం నుంచి ఉమ్మడి ప్రకాశం వరకు. ఉత్తరాంధ్రలో ముస్లిం జనాభా స్వల్పం. గుంటూరు, విజయవాడ వంటి చోట్ల జనాభాతో పాటు కోచింగ్ సదుపాయాలూ ఎక్కువ. గాజువాక అమ్మాయి బీసీ-ఇ సీటు కోసం పోటీ పడేది వారితోనే. జనాభా తక్కువ గనుక సీటు సులువుగా వస్తుందనుకోవడం పొరపాటు.

నాలుగోది ఫీజు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే బోధనా రుసుము తిరిగి చెల్లింపు పథకానికి అవకాశం ఉంటుంది. యాజమాన్య కోటాలో చేరితే ఆ అవకాశం ఉండదు, నాలుగేళ్ల భారం ఇంటి మీదే పడుతుంది. కౌన్సెలింగ్ ఎందుకులే, తెలిసినవారి ద్వారా చేర్పిద్దాం అని యాజమాన్య కోటాకు వెళ్లినవారు రాజ్యాంగం ఇచ్చిన హక్కును వదులుకొని, అప్పును కొనుక్కున్నట్లే.

ఇక ప్రతిభ గురించి ఒక మాట. రోగి ప్రాణంతో ముడిపడిన వృత్తిలో రిజర్వేషన్ ఏమిటని అడిగేవారికి మా జవాబు ఇది. రిజర్వేషన్ తరగతి గది వరకే. లోపలికి వెళ్లాక సిలబస్ ఒకటే, వార్డు డ్యూటీ ఒకటే, పరీక్ష ఒకటే, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒకటే. వాటన్నిటిలో నెగ్గినవారే సూది పట్టుకుంటారు.

ఇంటి గడప

అన్నిటికన్నా ఎత్తైన గడప మన ఇళ్లలోనే ఉన్నది. రాత్రి డ్యూటీ ఎలా? పరాయి మగవారిని తాకవలసి వస్తుంది కదా? సంబంధాలు ఎలా వస్తాయి? ఈ ప్రశ్నలను మేము తేలికగా తీసుకోవడం లేదు. ఇవి బిడ్డ మీద ప్రేమతో, పరువు మీద బెంగతో పుట్టినవి. కాని వీటికి జవాబులు మన చరిత్రలోనే ఉన్నాయి.

దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో రుఫైదా అస్లమియా (ర) గాయపడినవారికి శుశ్రూష చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ (ర)ను మస్జిద్ ఆవరణలో ఉన్న ఆమె గుడారంలోనే ఉంచి చికిత్స చేయించారు. ఉమ్మె అతియ్యా (ర) ఏడు యుద్ధాలలో పాల్గొని క్షతగాత్రుల సేవ చేశారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. మస్జిద్ ఆవరణలో గౌరవస్థానం పొందిన పని గాజువాకలో పరువు తక్కువ ఎలా అయింది?

పొరుగువారి చరిత్ర కూడా చూడవలసినదే. అంటు, మైల అనే భావాల వల్ల రోగి మలమూత్రాలు ఎత్తే పనిని పెద్ద కులాలవారు ఈసడించుకున్న రోజులలో తెలుగు క్రైస్తవ స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళిత కుటుంబాల ఆడపిల్లలు, మిషన్ ఆసుపత్రులలో ఆ శిక్షణ పొందారు. గుంటూరులో అన్నా కుగ్లర్ పందొమ్మిదో శతాబ్దం చివర నెలకొల్పిన ఆసుపత్రి అటువంటి వాటిలో ఒకటి. ఆనాడు సమాజం వారిని చిన్నచూపు చూసింది. వారు మాత్రం ఆ జీతంతో తమ్ముళ్లను చదివించారు, ఇళ్లు కట్టుకున్నారు, రెండు తరాలలో కుటుంబాల దశ మార్చారు. సమాజపు చిన్నచూపు కరిగిపోయింది, చదువు మిగిలింది.

దుస్తుల విషయంలో కళాశాలలకూ ఒక మాట చెప్పాలి. ఆసుపత్రిలో మోచేతుల కింద చేతులు శుభ్రంగా కడుక్కోగలిగేలా ఉండాలన్న నియమం రోగి రక్షణ కోసం వచ్చినది. దానిని మనం గౌరవించాలి. అదే సమయంలో, ఆ నియమానికీ తల కప్పుకోవడానికీ వైరుధ్యం లేదు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మార్గదర్శకాలలో వాడి పారవేసే చేతి తొడుగులకు అనుమతి ఉన్నది. అక్కడి డెర్బీ నగర ఆసుపత్రి 2019లో శస్త్రచికిత్స గదులలో వాడి పారవేసే తలగుడ్డలను ప్రవేశపెట్టింది. శుభ్రతకు భంగం కాకుండా విశ్వాసానికి చోటివ్వడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తున్నది. మన కళాశాలలు ఈ నియమాన్ని ప్రిన్సిపాల్ ఇష్టాయిష్టాలకు వదలకుండా, ప్రవేశాలకు ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. ఏమి అనుమతిస్తారో ముందే తెలిస్తే తల్లిదండ్రుల భయం సగం తగ్గుతుంది. రాత్రి డ్యూటీకి రవాణా, భద్రత గల హాస్టల్ ఉండాలన్న కోరిక ముస్లిం అమ్మాయిల కోసమే కాదు, ప్రతి ఆడపిల్ల కోసం.

చేయవలసినవి

ప్రభుత్వానికి మా విన్నపం స్పష్టం. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ప్రతి యేటా, ప్రతి నర్సింగ్ కళాశాలలో బీసీ-ఇ కింద ఎన్ని సీట్లు కేటాయించారు, ఎన్ని నిండాయి, ఎన్ని ఇతర వర్గాలకు మళ్లాయి అనే పట్టికను బహిరంగంగా ప్రచురించాలి. నాలుగు శాతాన్ని కొనసాగిస్తామని 2024 ఎన్నికలలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు స్వయంగా హామీ ఇచ్చారు. ఆ హామీకి అర్థం సుప్రీంకోర్టులో గట్టి న్యాయవాదిని నిలబెట్టడం ఒక్కటే కాదు. ఆ న్యాయవాది చేతికి తాజా, శాస్త్రీయమైన సమాచారం అందించడం కూడా.

ప్రభుత్వం ఇచ్చేవరకు మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సమాచార హక్కు చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పది రూపాయల రుసుముతో ఇదే పట్టికను గత ఐదేళ్లకు అడగవచ్చు. గాజువాకలో చదువుకున్న యువకులు పదిమంది పూనుకుంటే ఒక నెల పని. ఆ పట్టిక చేతికి వస్తే మనకు రెండింటిలో ఒకటి తెలుస్తుంది. సీట్లు నిండుతున్నాయంటే, ఈ చట్టం పేదింటి ఆడపిల్లకు ఏమి ఇచ్చిందో చెప్పే సాక్ష్యం దొరుకుతుంది. నిండడం లేదంటే, మన ప్రయత్నం ఎక్కడ మొదలుకావాలో తెలుస్తుంది. ఏది తేలినా అది మన మేలుకే.

మస్జిద్ కమిటీలకు మా మనవి: పదో తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి జుమా రోజున ఖుత్బాకు ముందు ఐదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించండి. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ పత్రం కావాలి, ఎక్కడ దరఖాస్తు చేయాలి అని ఒక కాగితం రాసి గోడకు అంటించండి. ఆడవారికి ఈ సంగతి చేరేలా ఇజ్తెమాలలో చెప్పించండి. బైతుల్‌మాల్ నిధి నుంచి ప్రవేశ పరీక్ష రుసుము, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులకు అర్హులైన పేద విద్యార్థినులను ఆదుకోండి. ఇప్పటికే నర్సులుగా పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్లను పిలిచి తల్లులతో మాట్లాడించండి. వంద వ్యాసాలు తీర్చలేని సందేహాన్ని డ్యూటీ ముగించుకుని వచ్చిన ఒక నర్సు పది నిమిషాలలో తీరుస్తుంది.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. మన ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఆడవారి వార్డులో చేరినప్పుడు, సెలైను మార్చడానికి మగమనిషి వస్తే ఇబ్బంది పడతాము, ఆడ నర్సు కావాలని కోరుకుంటాము. ఆ నర్సు ఏదో ఒక ఇంటి ఆడపిల్లే. ఆమె తండ్రి కూడా ఒకనాడు మనలాగే వెనుకాడి, ఆపై సరేనని ఉంటాడు. ఇతరుల ఆడపిల్లల సేవను గౌరవంగా అందుకునే మనం మన ఆడపిల్ల చేసే సేవను పరువు తక్కువగా చూడటం న్యాయం కాదు.

రాజ్యాంగ ధర్మాసనం ఎప్పుడో ఒకనాడు ఈ కేసును విచారణకు తీసుకుంటుంది. ఈ నాలుగు శాతం వల్ల ఎవరి బతుకు మారిందని ఆనాడు న్యాయమూర్తులు అడిగితే, కేజీహెచ్‌లోనూ ఉక్కునగరం ఆసుపత్రిలోనూ విధులలో ఉన్న మన అమ్మాయిలను లెక్కపెట్టి చూపగలగాలి. ఆ లెక్క ఈ యేడాది పదో తరగతి పాసైన అమ్మాయిని బైపీసీలో చేర్పించడంతో మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.